పడుకోబెట్టిన దూలాలు

జి. కొండూరు,
ఫిబ్రవరి 9.

చిరంజీవి మనోజ్ఞకి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు ఫోను చేసి "హలో మావయ్యా, హలో" అని అరుస్తుంటే ఇవతల నేను గాలి ఊదుకుంటూ కూర్చోవడం నాకేం బాగాలేదమ్మా. గొంతులో పుండుతోపాటు మాట కూడా కోసి పారేశారని నీకు తెలుసు. అయినా చేస్తావు. ఇకమీద ఉత్తరం రాయి. వాట్సాప్ నేర్చుకోమని మీ అత్తయ్య పోరు. ఆ బుల్లి అక్షరాల మీద నా వేలు పడితే ఒకటి నొక్కబోయి మూడు నొక్కుతున్నాను. చేతిరాత మాత్రం ఇంకా చెడలేదు. కాలవల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగమంతా కొలతలు రాసిన చెయ్యి ఇది.

నూజివీడులో మీ మామగారి పాత ఇల్లు పడగొట్టి, టేకు దూలాలు రెడ్డిగూడెం తోటకి తోలారని విన్నాను. ఏం కడుతున్నారు? మీ ఆయన్ని అడిగే యోగం నాకు లేదు కదా. గృహప్రవేశంనాడు మొహం తిప్పుకున్నవాడు మళ్ళీ ఇటు తిప్పలేదు. నువ్వే రాయి.

నా సంగతి అడక్కు. గొట్టంలో జావ పోస్తున్నారు. రుచి అడిగితే ఏం చెప్పను?

మీ మావయ్య,
బసవపున్నారావు.


రెడ్డిగూడెం,
ఫిబ్రవరి 15.

పూజ్యులు మావయ్యకి,

నమస్కారాలు. బ్యాంకు కాగితాలు తప్ప ఇంకోటి తేవడం మర్చిపోయిన పోస్ట్‌మ్యాన్ మీ కవరు చూసి "ఎవరండీ, పెళ్ళి సంబంధమా?" అన్నాడు. చాలా రోజులకి నవ్వాను.

దూలాల మాట నిజమే. మామిడికాయ మార్కెట్లో పోస్తే దళారి చెప్పిందే రేటు. అందుకని ఈ ఏడు చిన్నరసాలూ బంగినపల్లీ మేమే వరిగడ్డిలో మాగేసి, పెట్టెల్లో సర్ది హైదరాబాదు పంపుదామని ఈయన ఆలోచన. దానికే షెడ్డు. పైన అటక, కింద వ్యాను. అటక మీద గడ్డి పరిచి కాయ పేరుస్తాం, మాగాక పెట్టెలు నేరుగా వ్యానులోకి దించుతాం. కాపలా ఉండే రాములూ వెంకటలక్ష్మీ ఆ కిందే ఒక మూల మంచాలు వేసుకుంటారు.

గోడలు లేచాక ఒక చిక్కొచ్చింది. దూలాలు పెట్టి చూస్తే వ్యాను టాపు తగులుతోంది. మళ్ళీ గోడ లేపాలా అని మేస్త్రి తల పట్టుకున్నాడు. ఈయన ఒక్క క్షణం చూసి, "దూలం తొమ్మిదంగుళాలు నిలువు, నాలుగంగుళాలు మందం. నిలబెట్టకుండా పడుకోబెట్టి వెయ్యండి, అయిదంగుళాలు కలిసొస్తుంది" అన్నారు. ఎంత తెలివో చూడండి! అదే దూలం, అదే చెక్క. ఇంకా వెడల్పు ఎక్కువ కాబట్టి పలకలు కుదురుగా కూర్చుంటాయని మేస్త్రి కూడా అన్నాడు.

మీకొకటి చెప్పాలి, కోప్పడకండి. వాళ్ళ నాన్నగారు పోయి బీటెక్ మధ్యలో మానేసిన మనిషిని పట్టుకుని, మా ఈ ఇంటి గృహప్రవేశంలో అందరి ముందూ మీరు "సగం ఇంజనీరు కట్టిన ఇల్లు" అన్నారు. ఆ పేరు ఊళ్ళో ఇంకా ఉంది. కూలీలు కూడా చాటున అదే అంటారు. అందుకే ఈ షెడ్డంటే ఆయనకి అంత పట్టుదల.

మీ మేనకోడలు,
మనోజ్ఞ.


జి. కొండూరు,
ఫిబ్రవరి 20.

మనోజ్ఞా,

నీ ఉత్తరం చదివి జావ కక్కుకున్నాను. ముందు ఆ పని ఆపించు. తర్వాత ఇది చదువు.

ఇంట్లో చెక్క స్కేలు ఒకటి తీసుకో. రెండు చివర్లా పట్టుకుని, వెడల్పుగా పడుకోబెట్టి వంచు. వంగుతుంది. ఇప్పుడు అంచు మీద నిలబెట్టి వంచు. నీ చేతులు నొప్పెడతాయి గాని అది వంగదు. అదే స్కేలు, అదే చెక్క! "అదే దూలం, అదే చెక్క" అని రాశావే, ఆ మాటే మనుషుల్ని చంపేది.

దూలం మీద బరువు పడితే పైభాగం నొక్కుకుపోతుంది, కిందిభాగం సాగుతుంది. మోసేదంతా ఆ రెండే. నడిమధ్య ఉన్న చెక్క పెళ్ళింట్లో దూరపు చుట్టం, ఊరికే కూర్చుని తింటుంది. పైదీ కిందదీ ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉంటే వాటికి అంత పట్టు. నిలబెడితే తొమ్మిదంగుళాల ఎడం, పడుకోబెడితే నాలుగే. లెక్క కావాలా? పడుకోబెట్టిన దూలం మోసేది నిలబెట్టినదాంట్లో సగం కంటే తక్కువ. వంగేది అయిదు రెట్లు. ఇనప గర్డరు చూశావా? పైనా కిందా దళసరి, మధ్యలో సన్నటి రేకు. ఇనుము మీద పీనాసితనంతో అలా చేయలేదు, పని ఎక్కడుందో అక్కడ పెట్టారు.

నమ్మకపోతే ఈ ఉత్తరమే చాలు. రెండు గ్లాసుల మీద అడ్డంగా పెట్టి తాళాలగుత్తి ఉంచు. కాగితం కూలుతుంది. తర్వాత విసనకర్రలా మడతలు వేసి మళ్ళీ ఉంచు. మోస్తుంది. కాగితం పెరగలేదు, ఆకారం మారింది.

మీ ఆయన తాతల ఇల్లు ఆ దూలాలు అన్నేళ్ళు మోశాయంటే, నిలబెట్టి వేశారు కాబట్టి. పచ్చికాయ అటకంతా పేరిస్తే బరువెంతో తోట ఉన్నదానివి, నీకు నేను చెప్పాలా? గోడ లేపండి, లేదా వ్యానుని బయట పెట్టుకోండి. నా పేరు చెప్పకు. నీకే తట్టినట్టు చెప్పు.

మావయ్య.


రెడ్డిగూడెం,
మార్చి 3.

మావయ్యకి,

స్కేలు వంచి చూశాను. మీ ఉత్తరాన్ని మడతలు పెట్టి వంటింట్లో గ్లాసుల మీద తాళాలు ఉంచి చూశాను. నిలబడింది. 

అప్పుడే ఆయన మంచినీళ్ళకి లోపలికొచ్చారు. "ఏంటిది, ఆటలా?" అన్నారు. ఇదే సమయమనుకుని మీరు రాసినదంతా నా మాటగా చెప్పాను. మొదట బాగానే విన్నారు. స్కేలు ఆయనే చేతిలోకి తీసుకున్నారు. ఇంకొక్క నిమిషం ఉంటే ఒప్పుకునేవారే. ఇంతలో ఆ కాగితం మీద మీ రాత కనబడింది.

"ఓహో, ఆ మూగాయన పాఠమా?" అన్నారు. స్కేలు బల్ల మీద పెట్టేశారు. "సగం ఇంజనీరుకి పూర్తి ఇంజనీరు పెళ్ళాం దొరికింది" అని నవ్వారు. ఆ నవ్వు మీరు చూడలేదు, మావయ్యా. మర్నాడే దూలాలన్నీ పడుకోబెట్టి పలకలు కొట్టించేశారు.

"నా మాటగా వినండి, ఆయన మాటగా వద్దు" అని బతిమాలాను. "నీకు దూలాల గురించి ఏం తెలుసు?" అన్నారు. డిగ్రీ చదివాను, ఈ ఇంటికొచ్చి ఆరేళ్ళు తోట పనంతా చూశాను. స్కేలు వంచడానికి ఇంకేం తెలియాలి? మీరు ఆ రోజు ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది. కోపమొచ్చింది మీ మీద. ఇప్పటికీ ఉంది.

మనోజ్ఞ.


జి. కొండూరు,
మార్చి 9.

అమ్మాయీ,

కోపం ఉంచుకో, తప్పులేదు. అన్నమాట వెనక్కి తీసుకోవడానికి ఇప్పుడు నాకు నోరే లేదు. నీ కవర్లోనే ఆయనకి వేరే కాగితం పెడుతున్నాను. క్షమాపణే. ఇస్తే ఇవ్వు, చింపేస్తే చింపెయ్యి.

జరిగిందేదో జరిగింది. ఇంకా దారి ఉంది. ప్రతి దూలానికీ నడిమధ్య కింద ఒక గుంజ పెట్టించు. బరువు మోసే దూరం సగమైపోతుంది, పడుకున్న దూలం కూడా ఓర్చుకుంటుంది. కాయ ఎక్కాక ఒక దారం తీసుకుని దూలం పక్కన, కింది అంచు వెంట ఈ చివరినుంచి ఆ చివరికి బిగించి పట్టు. దూలం పొట్ట దారానికి ఎంత కిందికి దిగిందో చూడు. తేడా రోజురోజుకీ పెరుగుతుంటే ఇక నన్ను అడగొద్దు, కిందున్న మనుషుల్ని బయటికి తీసుకురా. చెక్క పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. తెగేది కింది నారలే.

ఆసుపత్రిలో మళ్ళీ స్కాను తీశారు. మీ అత్తయ్య నాకు రిపోర్టు చూపించడం లేదు. అంటే అర్థమైంది.

మావయ్య.


రెడ్డిగూడెం,
మే 6.

మావయ్యకి,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి మంచిమాట లేక. మీ కాగితం ఆయనకిచ్చాను. జేబులో పెట్టుకున్నారు.

గుంజలు పెట్టించారు, అందుకు సంతోషించాను. కాయ ఎక్కింది. మొదటి పెట్టెలు వెళ్ళాయి, హైదరాబాదు వాళ్ళు పండు బ్రహ్మాండంగా ఉందని మెసేజీలు పెట్టారు. ఆయన మొహంలో వెలుగు చూసి నాకే సిగ్గేసింది, ఈ మనిషిని నేను అనుమానిస్తున్నానా అని. తర్వాత వ్యాను వెనక్కి తిప్పడానికి గుంజలు అడ్డమొస్తున్నాయని డ్రైవరు గొడవ పెట్టాడు. రెండు తీసేశారు. ఆ తర్వాత అన్నీ.

నేను రోజూ దారం పట్టి చూస్తున్నాను. మొదట పొట్ట దారానికి చూపుడువేలంత కిందికి ఉండేది. ఇప్పుడు రెండు వేళ్ళంత దిగింది. కాయ దించాక కూడా దూలం మునుపటంత పైకి లేవడం లేదు. వెంకటలక్ష్మి "ఏంటమ్మగారూ, దారంతో ఆడుకుంటున్నారు?" అంటుంది. "మొన్నట్నుంచీ కూరలో దుమ్ము రాలతందండి, పైన ఎలకలున్నట్టున్నాయి" అంది. ఎలకలు కావు, మావయ్యా. నాకు తెలుసు.

ఆయనకి చెప్పాను. "టేకు, మనోజ్ఞా. టేకు వంగుద్ది, విరగదు. నువ్వు ఆ ఉత్తరాలు చదవడం మానెయ్యి" అన్నారు. అరవలేదు. అరిచినా బాగుండేది. అసలు నేనేమీ చెప్పనట్టే వెళ్ళి పెట్టెలకి మేకులు కొట్టుకున్నారు.

మనోజ్ఞ.


జి. కొండూరు,
మే 10.

మనోజ్ఞా,

దించెయ్యి. ఆయన్ని అడక్కు. రాములు వాళ్ళని ముందు బయటికి తే. ఇది ఇప్పుడే పోస్టుకి పంపిస్తున్నాను.

మావయ్య.


రెడ్డిగూడెం,
మే 19.

మావయ్యకి,

మీరు చెప్పినట్టే చేశాను. ఇప్పుడు ఏమైందో వినండి.

ఆయన పెట్టెల కోసం విజయవాడ వెళ్ళిన రోజు చూసి రాముల్ని పిలిచి కాయంతా దించమన్నాను. "అయ్యగారొచ్చి నన్ను నరుకుతారమ్మా" అన్నాడు. "నేను చెప్పానని చెప్పు" అన్నాను. నా మొహం వంక చూసి అటక ఎక్కాడు. నేనూ ఎక్కి గంపలు అందించాను. పొద్దు వాలేలోపు అటక ఖాళీ అయింది. ఆ దూలాల కిందికి మళ్ళీ ఎవరినీ పోనివ్వడం ఇష్టంలేక కాయ చెట్లకింద గడ్డి మీద పరిచాం, టార్పాలిన్లు ఉన్నంతవరకు కప్పాం.

సాయంత్రం గాలివాన. ఎప్పుడూ మే నెలలో ఒకటి వస్తుందని తోటవాళ్ళందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ రోజే వస్తుందని ఎవరికి తెలుసు? టార్పాలిన్లు ఎగిరిపోయాయి. సగం మాగిన కాయ నీళ్ళలో తేలింది. రెండో రోజుకి మచ్చలు, మూడో రోజుకి వాసన. ఆర్డర్లు పెట్టినవాళ్ళు తిట్టిపోశారు. రాములు కూలీ పోయింది, వెంకటలక్ష్మి కూడా "మా పొట్ట కొట్టారమ్మగారూ" అని మొహం మీదే అంది. ఆమె తల మీద ఏం వేలాడుతోందో చెప్పబోయాను. "ఏదండీ, పడలేదుగా?" అంది. ఏం చెప్పను? పడలేదు. నేను దించబట్టి పడలేదు, పడలేదు కాబట్టి నాది పిచ్చి. చెట్లకింద కుళ్ళిన కాయ మాత్రం ఊరంతా చూసింది.

ఆయన తిట్టలేదు. చెట్టు మీద మిగిలిన కాయ కోయించి మళ్ళీ అటక నింపించారు, ఇదివరకటికంటే దట్టంగా. రాములు వాళ్ళని "మీ అమ్మగారికి మీ ప్రాణాల మీద బెంగ" అని మోటారు గదిలోకి మార్చారు. తర్వాత తన మంచం తెచ్చి, సరిగ్గా నడిమధ్య దూలం కింద వేసుకున్నారు. తిండీ నిద్రా అక్కడే. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి పోతున్నారు. ఈయన నాతో "సగం ఇంజనీరు సంగతి మీ మూగాయనకి రాయి" అన్నారు.

నాకు భయంగా ఉంది, మావయ్యా. దూలం పడుతుందని కొంత. అది పడకపోయినా ఇక నా మాట ఈ ఇంట్లో ఎప్పటికీ నిలబడదని ఎక్కువ.

మనోజ్ఞ.


రెడ్డిగూడెం,
జూన్ 4.

బసవపున్నారావు గారికి,

మీకు ఉత్తరం రాస్తానని నేననుకోలేదు. మీరు పెట్టిన కాగితం చదవకుండా పొయ్యిలో వేశాను. దాంట్లో ఏముందో నాకు తెలియదు.

మనోజ్ఞ మీ దగ్గరే ఉందని మా రాములు జి. కొండూరు సంతలో విని వచ్చాడు. ఫోను ఎత్తడం లేదు. అందుకని రాస్తున్నాను.

జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను. నేను షెడ్డులో పడుకుంటున్నప్పుడు ఒక మధ్యాహ్నం తనొచ్చి నా మంచం పక్కనే నేల మీద చాప వేసుకుని పడుకుంది. "లే, ఏంటీ నాటకం?" అన్నాను. "మీరు లేస్తే లేస్తాను" అంది. నేను అటు తిరిగి పడుకున్నాను. పంతం అండీ. పక్కనే ఊపిరి వినబడుతోంది, అయినా తిరగలేదు. కాసేపటికి నాకు నిద్ర పట్టేసింది. లేచేటప్పటికి చాప లేదు. ఇంటికెళ్ళి చూస్తే బట్టలూ లేవు.

ఆ తర్వాత కూడా నేను అక్కడే పడుకున్నాను. ఇంటికి పోతే ఎవరున్నారు? ఒక పగలు కళ్ళు తెరిచి పైకి చూస్తుంటే మొహం మీద సన్నటి చెక్కపొట్టు పడింది. దూలం పొట్ట మీద వెంట్రుకంత గీత. చూస్తుండగానే అది చెయ్యి పొడవు సాగింది. చిటుక్ మని చప్పుడు. ఎలా బయటికొచ్చానో తెలియదు. రాముల్ని పిలిచి, బయటినుంచే దూలాల కిందికి గుంజలు తోయించి, జాగ్రత్తగా కాయంతా దించాం. దూలాలు విప్పితే రెండు కింద పగిలి ఉన్నాయి. పైనుంచి చూస్తే నున్నగా ఉన్నాయి, మీరు చెప్పారట కదా అలాగే.

మిగిలినవన్నీ నిలబెట్టి వేయించాను. కొత్తవి రెండు కొన్నాను. వ్యాను ఇప్పుడు రోడ్డు మీదే ఆగుతోంది, పెట్టెలు మోసుకెళ్తున్నాం. ఊళ్ళో నేనే చెప్పాను, మనోజ్ఞ అన్నదే నిజమని. వెంకటలక్ష్మి ఏడ్చింది.

మీరు గెలిచారు. సంతోషమే కదా. తనకి ఒక్కమాట చెప్పండి, దూలాలు తిప్పించానని. అది వింటే వస్తుంది. వానలు పడేలోపు వస్తే బాగుంటుంది. ఇల్లు ఇల్లులా లేదు.

ఇట్లు,
కృష్ణకాంత్.


జి. కొండూరు,
జూన్ 9.

చిరంజీవి కృష్ణకాంత్‌కి,

ఆశీస్సులు. గెలవడానికి నాకేం మిగిలిందయ్యా? డాక్టర్లు ఇంక సూదులు గుచ్చడం కూడా మానేశారు. నువ్వు ప్రాణాలతో ఉన్నావు, రాములూ ఆయన భార్యా ఉన్నారు. నా మటుకు అది చాలు. పలకలకీ దూలాలకీ మధ్య ఎక్కడైనా సందు ఉంటే అందులో చెక్క చీలికలు కొట్టించు. నిలబెట్టిన దూలం పక్కకి ఒరగకుండా చివర్లలో అడ్డకర్రలు వేయించు. ఇది పాఠం కాదు, నిలబెట్టినప్పుడు చేయాల్సిన పని.

మనోజ్ఞ ఇక్కడే ఉంది. నాకు జావ కాచి పోసేది ఇప్పుడు తనే. నీ ఉత్తరం తన చేతికిచ్చాను. స్టౌ దగ్గర నిలబడి మొత్తం చదివింది. దూలాలు తిప్పించావన్న చోట ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది. ముఖంలో కొంచెం తేటపడినట్టు అనిపించి, ఆటో పిలిపించమంటావా అని పలక మీద రాసి చూపించాను.

తలడ్డంగా ఊపింది. "వద్దు మావయ్యా" అంది. "నేను పక్కన పడుకున్నప్పుడు లేవలేదు. చెక్క పగిలాక లేచారు."

అంతే అంది. మళ్ళీ జావ కలపడం మొదలుపెట్టింది. ఏడవలేదు.

ఆ మాటకి జవాబు చెప్పాల్సింది నువ్వు, బాబూ.  నీ దగ్గరుంటే ఉత్తరంలో రాయకు. వచ్చి తన ఎదురుగా నిలబడి చెప్పు. నమ్ముతుందో లేదో నేను మాటివ్వలేను.

బసవపున్నారావు.